మెయిడెన్ కాజిల్ గట్లు ఎవరిని ఆపడానికి?

మాది రాయదుర్గం. మా ఊరి నుంచి సరిహద్దు దాటి కర్ణాటకలోకి, మొలకాల్మూరు వైపు వెళితే అశోకుడి శాసనం ఉన్న బ్రహ్మగిరి వస్తుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా సాంఘికశాస్త్రం మాస్టారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి, పెద్ద పెద్ద గుండ్ల మధ్య కూర్చోబెట్టి, 1947లో మార్టిమర్ వీలర్ అనే ఆయన ఈ కొండ కింది నేలను పొరలు పొరలుగా తవ్వించాడనీ, అడుగున రాతిగొడ్డళ్ల కాలం, దానిపైన పెద్దరాళ్ల సమాధుల కాలం, అన్నిటికన్నా పైన ఆయనే ‘ఆంధ్ర సంస్కృతి’ అని పేరు పెట్టిన కాలం బయటపడ్డాయనీ చెప్పారు. నేలను పుస్తకంలా చదవవచ్చునన్న సంగతి నాకు ఆ రోజే మొదటిసారి తెలిసింది. చాలా ఏళ్ల తర్వాత ఉద్యోగం కోసం దక్షిణ ఇంగ్లండుకు వచ్చినప్పుడు, భారతదేశానికి రాకముందు అదే వీలర్ తవ్వి పేరు తెచ్చుకున్న కొండకోట నాకు రెండు గంటల ప్రయాణం దూరంలోనే ఉందని తెలిసి, చూడకుండా ఉండలేకపోయాను. ఆ కోటను ఎందుకు కట్టారన్న ప్రశ్నకు, దాడులను ఎదుర్కొనే యుద్ధదుర్గంగా అని ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ ఎంతోమంది నోట వినిపిస్తుంది. ఆ జవాబు చాలదని నా అభిప్రాయం. ఎందుకు చాలదో వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మెయిడెన్ కాజిల్ డోర్సెట్ జిల్లాలో, డోర్చెస్టర్ పట్టణానికి నైరుతి దిక్కున మూడు కిలోమీటర్ల లోపే ఉంది. కోట అన్నారు గదా అని బురుజులూ రాతిగోడలూ ఊహించుకుంటే అవేవీ కనబడవు. పొడుగ్గా, వీపు వంచి పడుకున్న పశువులాంటి ఒక సుద్దకొండ. దాని చుట్టూ ఒకదాని వెనక ఒకటిగా పచ్చిక పెరిగిన మట్టిగట్లు, వాటి మధ్య లోతైన కందకాలు. కందకంలోకి దిగితే చుట్టూ ఆకాశం తప్ప ఏమీ కనబడదు. గట్టు ఎక్కితే మైళ్ల దూరం పొలాలు కనిపిస్తాయి. తూర్పున, పడమర కోటకు వాకిలిగా ఒక్కో గవిని ఉంది. గవిని అంటే నేరుగా లోపలికి పోయే దారి అనుకోకూడదు. గట్లు ఒకదానికొకటి అడ్డంగా మలుపులు తిరుగుతాయి కాబట్టి, వచ్చినవాడు కుడికి, మళ్లీ ఎడమకు, మళ్లీ కుడికి తిరుగుతూ, పైనున్నవాళ్ల కళ్ల ముందు చాలాసేపు నడిస్తే గాని లోపలికి చేరడు.

ఇనుపయుగంలో, సుమారు క్రీ.పూ. 600 ప్రాంతంలో, ఈ కొండ తూర్పు భాగంలో 6.4 హెక్టార్ల స్థలాన్ని ఒకే గట్టు, ఒకే కందకంతో చుట్టారు. నూట యాభై ఏళ్లు గడిచాక, క్రీ.పూ. 450 ప్రాంతంలో, పడమటి భాగాన్ని కూడా కలుపుకుని కోటను 19 హెక్టార్లకు పెంచారు. తర్వాతి తరాలు గట్లను ఎత్తు చేస్తూ, కొత్త వరసలు కలుపుతూ, గవినులను మరింత మెలికలు తిప్పుతూ వచ్చాయి. ఇప్పుడు మనకు కనబడేది ఒక్కసారి కట్టిన కట్టడమేమీ కాదు, అనేక తరాలు ఒకరి పనిమీద ఒకరు పోస్తూ వచ్చిన మట్టి. ఈ ఒక్క విషయాన్ని గట్టిగా పట్టుకుంటే, ‘ఎందుకు కట్టారు’ అన్న ప్రశ్నకు ముందు ‘ఏ కాలంలో’ అని అడగక తప్పదని అర్థమవుతుంది.

వీలర్, ఆయన భార్య టెస్సా వీలర్ 1934లో ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. 1936లో టెస్సా మరణించారు. 1937 వరకు వీలర్ పని కొనసాగించారు. తూర్పు గవిని దగ్గర బయటపడిన అస్థిపంజరాలు ఆ తవ్వకాలకు పత్రికల్లో పెద్ద పేరు తెచ్చాయి. కొన్ని పుర్రెల మీద కత్తివేట్ల గుర్తులున్నాయి, ఒక మనిషి వెన్నెముకలో ఇనుప ములికి దిగబడి ఉంది. రోమన్లు క్రీ.శ. 43లో బ్రిటన్ మీద దండెత్తినప్పుడు, తర్వాతి కాలంలో చక్రవర్తి అయిన వెస్పేసియన్ రెండు బలమైన తెగలను లొంగదీసి, ఇరవైకి పైగా కోటపట్టణాలను పట్టుకున్నాడని రోమన్ చరిత్రకారుడు స్యూటోనియస్ రాశాడు. ఆ పట్టణాల్లో ఒక్కదాని పేరూ చెప్పలేదు. వీలర్ ఈ రెండింటినీ జోడించారు: రోమన్ సైన్యం తూర్పు గవిని మీద పడింది, యంత్రాలతో బాణాలు కురిపించింది, గుడిసెలు తగలబెట్టింది, ఆడవాళ్లనూ మగవాళ్లనూ నరికింది, ఆ రాత్రి ప్రాణాలతో మిగిలినవాళ్లు చచ్చినవాళ్లను గబగబా పూడ్చిపెట్టారు. బొగ్గుపొర తగలబడిన గుడిసెలకు సాక్ష్యమయింది, వెన్నెముకలోని ములికి రోమన్ యంత్రానికి సాక్ష్యమయింది. ఈ కథనంతో ఆయన నివేదిక 1943లో వెలువడింది.

ఈ కథ చదివినప్పుడు కలిగే ఉద్వేగాన్ని నేను తక్కువ చేయను. వీలర్ గొప్ప తవ్వకందారు. పొరలను నమోదు చేయడంలో ఆయన పెట్టిన క్రమశిక్షణ వల్లనే తర్వాతివాళ్లు ఆయన చెప్పినదాన్ని పరీక్షించగలిగారు. 1985, 86 సంవత్సరాల్లో ఇంగ్లీష్ హెరిటేజ్ తరఫున నయల్ షార్పుల్స్ ఇక్కడ మళ్లీ తవ్వినప్పుడు చిత్రం మారింది. తూర్పు గవిని ప్రాంతంలో ఇనుము పని జరిగినట్టు తేలింది. కాబట్టి వీలర్ చూసిన బొగ్గు దాడి మంటలది ఎంత కావచ్చో, కమ్మరి కొలిమిది కూడా అంతే కావచ్చు. దొరికిన 52 మందిలో 14 మంది ఒంటిమీద మాత్రమే ఘోరమైన చావుకు గుర్తులున్నాయి. మిగిలినవాళ్లు ఎలా పోయారో ఎముకలు చెప్పవు. చాలా సమాధులు ఆ ప్రాంతపు డ్యూరోట్రిజెస్ తెగ ఆచారం ప్రకారం శ్రద్ధగా తవ్వినవే, మట్టిపాత్రలు పక్కన పెట్టినవే. 2025లో బోర్న్‌మత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఎముకలకు రేడియోకార్బన్ కాలనిర్ణయం చేసి, ఆ హింసాత్మక మరణాలు ఒకే రోజున జరగలేదనీ, క్రీ.పూ. ఒకటో శతాబ్దం చివరి నుంచి క్రీ.శ. ఒకటో శతాబ్దం ఆరంభం దాకా కొన్ని తరాలపాటు విడతలు విడతలుగా జరిగాయనీ ప్రకటించారు. అంటే చంపినవాళ్లలో చాలామంది రోమన్లు కారు; ఆ నేలమీదివాళ్లే, బహుశా ఇరుగుపొరుగు తెగలో, ఒకే తెగలోని వైరివర్గాలో.

నాకు ఇంకా ముఖ్యంగా తోచేది మరొకటుంది. క్రీ.పూ. ఒకటో శతాబ్దానికే కోట లోపలి జనావాసం చాలావరకు పలచబడింది. వరసలు తీరిన ఇళ్లు పోయి, మిగిలిన కాస్త నివాసం తూర్పు వైపుకు చేరింది. అంత కష్టపడి కట్టుకున్న గవినిని జనం శ్మశానంగా వాడుకున్నారు. కాపలా కాయవలసిన దారిలో పితరులను పడుకోబెట్టినవాళ్లకు ఆ గట్లు ఆనాటికి ఏమిటి? యుద్ధదుర్గం మాత్రం అయి ఉండదు.

వీలర్ పక్షాన చెప్పవలసిన బలమైన సాక్ష్యం వడిసెల రాళ్లు. తూర్పు గవిని దగ్గర ఇరవైరెండు వేలకు పైగా నున్నని గులకరాళ్ల కుప్ప దొరికింది. ఇవి ఆ సుద్దకొండ మీద దొరికేవి కావు, దక్షిణాన ఉన్న చెసిల్ సముద్రతీరం నుంచి ఏరి మోసుకొచ్చినవి. మన జొన్నచేలలో మంచె మీద కూర్చుని పిట్టలను తోలడానికి వడిసెల తిప్పినవాళ్లకు ఆ రాయి వేగం తెలుసు. మనిషికి తగిలితే ఏమవుతుందో కూడా తెలుసు. పిట్టల కోసం అన్ని వేల రాళ్లు గవిని పక్కన పోగేయరు. అక్కడ దాడిని ఊహించారు, దానికి సిద్ధపడ్డారు. దీన్ని నేను కాదనను. అయితే వీలర్ అక్కడ ఆగలేదు. వరస మీద వరస గట్లు వేయడమే వడిసెల యుద్ధం కోసమనీ, క్రీ.పూ. 56లో రోమన్ సేనాని సీజర్ చేతిలో ఓడి, ఇప్పటి ఫ్రాన్సులోని బ్రిటనీ తీరం నుంచి పారిపోయి వచ్చిన వెనెతీ తెగవాళ్లు ఆ విద్యను ఇక్కడికి తెచ్చారనీ వాదించారు. ఆ తర్వాతి కాలనిర్ణయాల్లో బహుళ ప్రాకారాలు సీజర్ కంటే చాలా పాతవని తేలడంతో ఆ వాదం నిలబడలేదు.

పోనీ, కాలం సంగతి వదిలి లెక్క చూద్దాం. 19 హెక్టార్ల స్థలాన్ని చుట్టాలంటే, అది చక్కని గుండ్రంగా ఉన్నా, కిలోమీటరున్నర గట్టు కావాలి. మెయిడెన్ కాజిల్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి అంతకంటే ఎక్కువే కావాలి. లోపలి గట్టు ఒక్కదాని మీదనే రెండు మీటర్లకు ఒకరిని నిలబెట్టినా ఏడువందల యాభై మందికి తక్కువ కాకుండా ఆయుధం పట్టగలవాళ్లు ఉండాలి. పిల్లలూ ముసలివాళ్లూ పోను అంతమంది మిగలాలంటే లోపల ఎంత పెద్ద జనాభా ఉండాలో ఊహించండి. ప్రాణరక్షణే ఏకైక ఉద్దేశమైతే, చిన్న స్థలాన్ని బలంగా చుట్టుకోవడం తెలివైన పని. వీళ్లు అందుకు విరుద్ధంగా, ఉన్న చిన్న కోటను మూడింతలు చేసుకున్నారు.

మరి లోపల ఏముండేది? గుండ్రని ఇళ్లు, నాలుగు గుంజల మీద నేలకు ఎత్తుగా నిలబెట్టిన కట్టడాలు, సుద్దలో తవ్విన లోతైన గుంటలు. నాలుగు గుంజల కట్టడాలు గాదెలని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. గుంటల సంగతి రాయలసీమవాడినైన నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు: అవి పాతరలు. మా తాతగారింట్లో జొన్నలు పాతర వేసేవారు. మూత తీసిన వెంటనే ఎవరినీ లోపలికి దిగనిచ్చేవారు కాదు, ఊపిరాడక మనిషి పోతాడని. డోర్సెట్ గుంటలూ అదే సూత్రంతో పనిచేస్తాయి. మూత మట్టితో మెత్తిన తర్వాత అంచుల్లోని గింజలు కాస్త మొలకెత్తి, లోపలి ప్రాణవాయువును వాడేసి, బొగ్గుపులుసు వాయువును నింపుతాయి. దాంతో మిగతా ధాన్యం నిద్రపోయినట్టు నెలల తరబడి చెడకుండా ఉంటుంది. హాంప్‌షైర్‌లోని బట్సర్‌లో పీటర్ రెనాల్డ్స్ ఇలాంటి గుంటలు తవ్వి, ధాన్యం నింపి, సంవత్సరాల తరబడి పరీక్షించి, విత్తనానికి పెట్టుకున్న గింజ కూడా వీటిలో బాగా నిలుస్తుందని చూపించారు. పాతరను మాటిమాటికీ తెరవలేం. ఒకసారి తెరిస్తే గాలి చొరబడుతుంది, మొత్తం తీసేయాలి. అంటే ఇది రోజూ వండుకునే గింజ కాదు, వచ్చే ఏటి విత్తనమో, పది ఊళ్లవాళ్లు కలిసి తినే పండుగ తిండో అయి ఉండాలి.

దగ్గరలోని హాంప్‌షైర్‌లో డేన్‌బరీ అనే మరో కొండకోటను బారీ కన్లిఫ్ 1969 నుంచి 1988 దాకా తవ్వారు. లోపలి నేలలో సగానికి పైగా తెరిచిన అరుదైన తవ్వకం అది. అక్కడా వేల కొద్దీ పాతరలు, వందల కొద్దీ నాలుగు గుంజల కట్టడాలు బయటపడ్డాయి. కన్లిఫ్ దాన్ని ఒక నాయకుడి కేంద్రంగా, చుట్టుపక్కల పల్లెల పంటను పోగుచేసి పంచే చోటుగా చదివారు. ఆ నాయకుడు ఎక్కడ అని తర్వాతివాళ్లు అడిగారు: పెద్ద ఇల్లు లేదు, ఘనమైన సమాధి లేదు, పల్లెల్లో దొరకని విలాసవస్తువులూ అంతగా లేవు. ఈ వాదంలో నేను ప్రశ్న అడిగినవాళ్ల వైపే ఉన్నాను. మెయిడెన్ కాజిల్‌లో కూడా ఒక దశలో ఇళ్లు వరసలుగా, దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నాయి. ఒకరి ఇల్లు మరొకరి ఇంటిని మించకూడదన్న కట్టుబాటు వాటిలో నాకు కనిపిస్తుంది. ఇంటిని పెద్దది చేసుకోనివాళ్లు అందరికీ ఉమ్మడిదైన గట్టును మాత్రం ఏటికేడు పెద్దది చేసుకుంటూ పోయారు.

అక్కడే నా వాదం ఉంది. ఈ గట్లు మొదట ఒక ఉమ్మడి పని. మన చెరువు కట్టను చూసినవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. కట్ట నీటిని ఆపుతుంది, నిజమే. కాని దాన్ని పోయడానికీ, ఏటా గండ్లు పూడ్చడానికీ ఊరు ఒక్కచోట చేరాలి, ఎవరి వంతు ఎంతో తేల్చుకోవాలి, రానివాడిని అడగాలి, వచ్చినవాళ్లకు అన్నం పెట్టాలి. ఆ పనిలో ఊరు ఊరవుతుంది. హాంప్‌షైర్‌లోనే లేడిల్ హిల్ అనే, సగంలో ఆగిపోయిన ఒక కొండకోట ఉంది. అక్కడ కందకం ఒకే తవ్వకంగా సాగదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక్కో జట్టు తన వంతు తవ్వుకుంటూ వచ్చి, కలవకముందే ఆగిపోయింది. పూర్తయిన కోటల్లో కనబడకుండా పోయే జట్ల కుట్లు ఇక్కడ అలాగే మిగిలిపోయాయి. మెయిడెన్ కాజిల్‌లో గట్టు పెరిగిన ప్రతి దశ వెనకా ఇలాంటి జట్లుంటాయి. వాటితో పాటు పల్లెల మధ్య ఒప్పందాలుంటాయి, పాతరల్లోంచి తీసిన గింజలుంటాయి. పూర్తయిన గట్టు దూరం నుంచి వచ్చేవాడికి, మేం ఇంతమందిమి, ఒక్కటిగా ఉన్నాం అని చెబుతుంది. శత్రువుకు అది హెచ్చరిక, చుట్టరికానికి వచ్చేవాడికి ఘనత. గవిని మెలికల గుండా నడిపించడం రెండింటికీ పనికొస్తుంది.

ఈ కొండమీద గిరిగీసుకోవడం ఇనుపయుగంలో మొదలైంది కూడా కాదు. అంతకు మూడువేల ఏళ్ల ముందు, క్రీ.పూ. 3600 ప్రాంతంలో, కొత్తరాతియుగపు రైతులు ఇదే కొండ తూర్పు కొసను కందకాలతో చుట్టారు. ఆ కందకాలు మధ్యమధ్య తెగి ఉంటాయి, అంటే ఎక్కడబడితే అక్కడ లోపలికి దారులున్నాయి. దాడిని ఆపాలనుకునేవాడు అన్ని దారులు వదలడు. అక్కడ జనం కలిసేవారు, విందులు చేసుకునేవారు, పిల్లల శవాలను కూడా పూడ్చారు. కొంతకాలానికి ఆ కందకాల మీదుగానే 546 మీటర్ల పొడవైన మట్టిదిబ్బ ఒకటి పోశారు. దాన్ని దేనితోనూ పోల్చి దీని పని ఇది అని చెప్పలేం. అందులో దొరికిన, నరికిన గుర్తులున్న ఒక అస్థిపంజరాన్ని వీలర్ కొత్తరాతియుగపు బలిగా భావించారు. తర్వాత పరీక్షిస్తే ఆ మనిషి క్రీ.శ. ఏడో శతాబ్దం ప్రాంతంవాడని తేలింది. కోట పాడుబడ్డాక, నాలుగో శతాబ్దం చివర్లో, రోమన్ పాలనలోని జనం అదే కొండమీద చిన్న గుడి కట్టుకున్నారు. మూడున్నర వేల ఏళ్లకు పైగా ఈ కొండకు వస్తూ పోతూ ఉన్నవాళ్లలో యుద్ధం కోసం వచ్చినవాళ్లు ఒక వంతు మాత్రమే.

అయితే పాతకాలపు మనుషులు శాంతమూర్తులనీ, కోటలన్నీ ఉత్సవవేదికలనీ చెప్పే మరో ధోరణి గత నాలుగు దశాబ్దాల్లో పెరిగింది. దాన్నీ నేను ఒప్పుకోను. గ్లాస్టర్‌షైర్‌లోని క్రిక్లీ హిల్‌లో కొత్తరాతియుగపు ఆవరణ మీద బాణాల వర్షం కురిసింది. నాలుగు వందలకు పైగా చెకుముకి బాణపు ములుకులు దారుల దగ్గర గుమిగూడి దొరికాయి. డోర్సెట్‌లోనే హాంబుల్డన్ హిల్‌లో ఒక యువకుడు ఛాతీలో బాణపు ములికితో కందకంలో పడి ఉన్నాడు. డెర్బీషైర్‌లోని ఫిన్ కాప్ అనే ఇనుపయుగపు కోటలో, కూలదోసిన గోడ రాళ్ల కింద, ఆడవాళ్ల ఎముకలూ పసిపిల్లల ఎముకలూ కందకంలో విసిరేసినట్టుగా దొరికాయి. డేన్‌బరీ గవిని కూడా తగలబడింది. మెయిడెన్ కాజిల్‌కు దూరం కాని హాడ్ హిల్‌లో రోమన్ యంత్రాల ములుకులు ఒక పెద్ద గుడిసె చుట్టూ నేలలో దిగబడి దొరికాయి. అక్కడ రోమన్ దాడి ఊహ కాదు, నేల చెప్పిన మాట. ప్రతి కొండకూ దాని సాక్ష్యం విడిగా వినాలి. ఒక కొండ కథను ఇంకొక కొండకు అరువివ్వకూడదు.

వీలర్ చేసింది ఆ అరువే. ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగిదళంలో పనిచేశారు. రెండో యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో పోరాడి, బ్రిగేడియర్ హోదాతో 1944లో భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా వచ్చారు. మట్టిగట్టును చూడగానే దాడి ఎటునుంచి వస్తుందో లెక్కవేయడం ఆయనకు సహజం. 1946లో హరప్పాలో మట్టి ఇటుకల ప్రాకారాన్ని గుర్తించినప్పుడు, మొహెంజొదారోలో అంతకుముందే దొరికి ఉన్న చెల్లాచెదురు అస్థిపంజరాలను దానికి జోడించి, వేదంలోని పురందరుడైన, అంటే కోటలను కూల్చేవాడైన, ఇంద్రుడిని ఊచకోతకు ముద్దాయిగా నిలబెట్టారు. ప్రాకారం, ఎముకలు, ఒక పాత గ్రంథం: డోర్సెట్‌లో వాడిన మూడు వస్తువులే సింధులోనూ వాడారు, స్యూటోనియస్ స్థానంలో ఋగ్వేదం వచ్చింది. 1964లో జార్జ్ డేల్స్ ఆ అస్థిపంజరాలన్నీ ఒకే పొరకు చెందినవి కావనీ, అక్కడ ఊచకోత జరిగిందనడానికి ఆధారం లేదనీ చూపించారు. కానీ మా తరం పాఠాల్లో ఆ ఊచకోత ఇంకా సాగుతూనే ఉండేది. ఆ కథ మన దేశంలో ఎన్ని వాదాలకూ ఎంత ద్వేషానికీ ఎరువయిందో తలచుకుంటే, ఒక గట్టును తొందరపడి చదవడం ఎంత దూరం పోగలదో తెలుస్తుంది. మెయిడెన్ కాజిల్ గురించి నేనింత పట్టుదలగా రాయడానికి కారణం అదే.

మన నేలమీద దీనికి భిన్నమైన చదువు కూడా జరిగింది. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఉట్నూరులో 1957లో రేమండ్ ఆల్చిన్ ఒక బూడిదదిబ్బను తవ్వారు. రాక్షసుల చితాభస్మమని ఊళ్లవాళ్లు చెప్పుకునే దిబ్బలు ఇవి. ఆల్చిన్‌కు గుంజల గుంటలు కనిపించాయి. వరసగా దుంగలు పాతి కట్టిన కంచె పలుమార్లు తగలబడి, పలుమార్లు మళ్లీ కట్టినట్టు తేలింది. కంచె, మంటలు, మళ్లీ కంచె. దీన్ని వరస దాడులుగా చదవడం ఎంతో సులువు. ఆల్చిన్ నేలను ఇంకాస్త దగ్గరగా చూశారు. లోపల పశువుల గిట్టల ముద్రలున్నాయి, బూడిద కాలిన పేడది. అది నాలుగువేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి. పశువులను మంటల పక్కనుంచి తోలే మన పండుగల ఆనవాళ్లను గుర్తు చేసుకుంటూ, ఏదో ఒక ఋతువులో కావాలనే పేడకుప్పలను తగలబెట్టి ఉంటారని ఆయన భావించారు. ఆ వివరణలో కొంత భాగాన్ని తర్వాతివాళ్లు ప్రశ్నించారు, ప్రశ్నించాలి కూడా. కానీ కంచె ఎవరిని ఆపడానికి అని కాక, లోపల ఎవరున్నారు అని ముందు అడిగారు ఆయన. గిట్టల ముద్రలు అందుకే కనిపించాయి.

పోయిన శరదృతువులో నేను మెయిడెన్ కాజిల్‌కు మూడోసారి వెళ్లాను. తూర్పు గవినిలో సమాధులున్న చోట ఇప్పుడు పచ్చిక తప్ప ఏమీ లేదు, గొర్రెలు మేస్తున్నాయి. వీలర్ తెరిచిన ఆ సమాధుల్లో కొందరి పక్కన గిన్నెలూ, మాంసపు ముక్కలూ ఉన్నాయి. చీకట్లో ప్రాణభయంతో శవాలను పూడ్చేవాళ్లు గిన్నె వెతికి తెచ్చి, మాంసం కోసి, చచ్చినవాడి చేతికి అందేలా పెట్టరు. మా వైపు పల్లెల్లో ఇప్పటికీ పోయినవాళ్లకు ఇష్టమైనది వండి సమాధి దగ్గర పెడతారు. అక్కడ పడుకున్నవాళ్లలో కొందరిని ఎవరో చంపారు. చంపిన చేతులు ఎవరివో ఎప్పటికీ తేలకపోవచ్చు. గిన్నె పెట్టిన చేతులు మాత్రం వాళ్ల సొంతవాళ్లవి, ఆ గట్లు పోసినవాళ్ల మనవళ్ల మనవళ్లవి.